ఈ ఆదివారం వంతు నాది

గోదావరిఖనిలో డిగ్రీ చదివేటప్పుడు మేము నలుగురు ఆడపిల్లలం ఒకే గదిలో ఉండేవాళ్లం. గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటి వెనుక భాగం అది. ఒక గది, పొయ్యి పెట్టుకోవడానికి ఒక మూల, రేకు తలుపున్న బాత్రూం. ముందు భాగంలో ఆయన, ఆయన భార్య ఉండేవాళ్లు. ఆయన్ను కాక అని, ఆమెను అవ్వ అని పిలిచేవాళ్లం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు గూట్లో గిన్నెలు గలగలలాడేవి. మొదటి వారం ఉలిక్కిపడ్డాం. తర్వాత అలవాటైపోయింది.

మాది కాసిపేట దగ్గర. నాన్న గనిలో పనిచేస్తాడు. రెండో పిల్లది బసంత్‌నగర్, వాళ్ల నాన్న సిమెంటు లారీ నడుపుతాడు. ఆమె గొంతు లారీ హారన్‌కు తక్కువేమీ కాదు. మూడో పిల్ల చెన్నూరు నుంచి వచ్చింది. తండ్రి మెకానిక్. ఇంటికి ఫోన్ చేస్తే దక్కనీ ఉర్దూలో మాట్లాడేది, మాతో మాత్రం మాకంటే చక్కటి తెలుగు. నాలుగో పిల్లది నస్పూర్. నస్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోవచ్చు, చాలామంది అలాగే వచ్చేవాళ్లు. ఆమె మాత్రం గదిలో ఎందుకుందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆదివారం అన్నాలు తిన్నాక సినిమా చూడడం మా ఆచారం. ల్యాప్‌టాప్ నాది. సినిమాల యాప్ పాస్‌వర్డ్ బసంత్‌నగర్ పిల్ల వాళ్ల అన్నయ్యది. సినిమా అంటే థ్రిల్లరే. ప్రేమ కథలు, ఇంటిల్లిపాదీ ఏడ్చే కథలు మాకు పడేవి కావు. ఎవరో ఒకరు చావాలి, ఎవరు చంపారో తెలియకూడదు. నెలలో నాలుగు ఆదివారాలు, నలుగురం. ఒక్కో ఆదివారం ఒక్కొక్కరి వంతు. నచ్చకపోతే మిగతావాళ్లు వద్దనవచ్చు, కానీ ఎందుకు వద్దో చెప్పాలి.

బసంత్‌నగర్ పిల్లకు పోలీసు దర్యాప్తు కథలు ఇష్టం. సినిమా మొదలైన పావుగంటకే హంతకుడెవరో చెప్పేసేది. చాలాసార్లు తప్పేది, అయినా మానేది కాదు. మెకానిక్ కూతురు దయ్యాలుంటే ఒప్పుకునేది కాదు. "దయ్యాన్ని పోలీసులు పడ్తరా, జైల్ల ఏస్తరా? గసొంటి సిన్మా ఎందుకే?" అనేది. నాకు రక్తం కావాలి. తుపాకీతో కాల్చి చంపే సినిమాలు చప్పగా అనిపించేవి. కత్తి ఉండాలి, చంపేవాడు దగ్గరికి రావాలి, చచ్చేవాడి మొహం కనబడాలి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడైతే ఆ విషయం గొప్పగా చెప్పుకునేదాన్ని. మిగతావాళ్లు కళ్లు మూసుకుంటే నేను వేరుశనగ పలుకులు నములుతూ, గొంతు ఎక్కడ కోశాడో వాళ్లకు వివరించి చెప్పేదాన్ని.

నస్పూర్ పిల్ల ఏ సినిమా పెట్టినా చూసేది, ఒక్క రకం తప్ప. ఒక మగాడు ఒక ఆడపిల్ల వెంట పడి, కాలేజీ దాకా, బస్సు దాకా, ఇంటి దాకా వచ్చే కథ అయితే వద్దనేది. ఎందుకో చెప్పమంటే "నాకు నచ్చది" అనేది. అది కారణం కాదని నేను వాదించేదాన్ని. అట్లా మూడు నాలుగు సినిమాలు పోయాయి. నేను ఎన్నాళ్లుగానో చూద్దామనుకున్న కొరియా సినిమా కూడా అందులో పోయింది.

రెండో సంవత్సరం ఎండాకాలం మొదట్లో, నా వంతు వచ్చిన ఆదివారం, ఆ సినిమానే పెట్టాను. పేరు చెప్పకుండా, ఇది బ్యాంకు దోపిడీ కథ అని అబద్ధమాడి పెట్టాను. అరగంట గడిచేసరికి కథ ఏమిటో అందరికీ అర్థమైంది. తెర మీద ఒకడు ఒకామెను జుట్టు పట్టి మెట్ల మీద ఈడుస్తున్నాడు.

"ఆపవే," అంది నస్పూర్ పిల్ల.

"ఎందుకో చెప్పు, ఆపుత."

"ఆపు అంటున్న."

"నీదేం పెత్తనమే? మూడు నెలల సంది సూస్తున్న. భయమైతే బయటికి పోయి కూసో."

ఆమె లేచి వచ్చి ల్యాప్‌టాప్ మూత ఒక్క దెబ్బతో మూసింది. నా వేళ్లు అందులో పడ్డాయి. నేను ఆమె భుజం పట్టి నెట్టాను. ఆమె నా చెంప మీద కొట్టింది. అంత బక్కపలచని పిల్ల చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. నేను ఆమె జడ పట్టుకున్నాను. ఇద్దరం చాప మీద పడ్డాం. ఆమె గోళ్లు నా మెడ మీద మూడు చాళ్లు తీశాయి. నేను ఆమె ముంజేతిని కొరికాను. నిజంగానే కొరికాను, నోట్లో ఉప్పగా తగిలేదాకా. మిగతా ఇద్దరూ కలిసి మమ్మల్ని విడదీయడానికి చాలాసేపు పట్టింది.

"మీరేం పిల్లలే, కుక్కలా?" అంది బసంత్‌నగర్ పిల్ల. ఆమె కూడా రొప్పుతోంది.

అప్పుడు నస్పూర్ పిల్ల తన కుడి మణికట్టు మాకు చూపించింది. ఎముక ఒకచోట కొద్దిగా ఎత్తుగా ఉంటుంది. మేము ఎన్నోసార్లు చూసి కూడా పట్టించుకోలేదు.

"మా బావ ఇరగ్గొట్టిండు," అంది. "ఇంటర్ల ఉన్నప్పుడు. ఫోన్ ఎత్తలేదని."

బావ అంటే మేనమామ కొడుకు. నస్పూర్‌లో వాళ్ల క్వార్టర్ ఉన్న వరుసలోనే వాళ్లదీ. మట్టి తీసే కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. చిన్నప్పటి నుంచి ఈమె తనదేనని ఇంట్లో వాళ్లు సరదాగా అన్న మాటను అతడు సరదాగా తీసుకోలేదు. ఆమె ఎవరితో మాట్లాడిందో, ఏ బస్సెక్కిందో లెక్క చెప్పాలి. చెప్పకపోతే కొట్టేవాడు. చెయ్యి విరిగినప్పుడు మెట్ల మీద పడిందని దవాఖానలో చెప్పించారు. అమ్మకు తెలుసు. అమ్మకు తన అన్న ముందు నోరు లేదు. అందుకే ఈమె గదిలో ఉంటోంది.

"ముందే చెప్తే ఏమైతుండె?" అన్నాను నేను, మెడ తుడుచుకుంటూ.

"ఏమని చెప్పాలె? సిన్మా పెట్టద్దు, మా ఇంట్ల గిట్లనే ఐతది అని చెప్పాల్నా?"

మెకానిక్ కూతురు పసుపు తెచ్చి ముందు ఆమె చేతికి, తర్వాత నా మెడకు అద్దింది. నేను క్షమించమని అడగలేదు. చాయ్ పెట్టి ఆమె గ్లాసు ముందుగా ఆమెకిచ్చాను. అంతే చేయగలిగాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా గొడవ రాలేదు. చదువుకునేటప్పుడు పక్కపక్కనే కూర్చునేవాళ్లం.

నాలుగు వారాలు తిరిగి మళ్లీ నా వంతు వచ్చింది. ఎవరూ చావని దొంగతనం కథ ఒకటి వెతికి పెట్టాను. కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ ఉంది గనక సినిమా ఆగలేదు. ఉక్కపోతకు తాళలేక తలుపు తెరిచి ఉంచాం. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. నేను బాత్రూం తలుపుకు చేరగిలబడి కూర్చున్నాను.

పక్క సందులోంచి ఒకతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. చూడగానే ఎవరో నాకు తెలియలేదు. నస్పూర్ పిల్ల గోడకు అంటుకుపోయినట్టు ముడుచుకోవడం చూసి తెలిసింది.

"ఒక మాట మాట్లాడాలె. బయటికి రా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

"నేను రాను బావా."

"అందరి ముంగట రాను అంటవా?"

బసంత్‌నగర్ పిల్ల లేచి నిలబడింది. "అన్నా, ఆమె రాను అంటున్నది గదా. నువ్వు పో. కాకను పిలుస్త."

అతడు ఆమె వైపు చూడను కూడా లేదు. చొక్కా పైకెత్తి నడుము దగ్గర నుంచి కత్తి తీశాడు. మటన్ కొట్టే కత్తి. కాగితం చుట్టి ఉంది. ఆ కాగితం విప్పి కింద పడేశాడు. అది నేను స్పష్టంగా చూశాను. ఆ తర్వాత నేను చేసింది కూడా నాకు స్పష్టంగా గుర్తుంది. లేచాను, బాత్రూంలోకి వెళ్లాను, తలుపు మూసి గడియ పెట్టాను. అతడు అప్పటికి కత్తి ఎత్తనైనా లేదు.

లోపల చీకటిగా ఉంది. బయట బసంత్‌నగర్ పిల్ల అరుపు, చాయ్ గిన్నె ఎగిరిపడ్డ చప్పుడు, అతడి బూతు. మరుగుతున్న చాయ్ అతడి మొహం మీద పోసిందని తర్వాత తెలిసింది. ఆ కోపంలో అతడు ఆమె ముంజేయి మీద వేటు వేశాడు. వెంటనే నా తలుపు మీద నస్పూర్ పిల్ల రెండు అరచేతులు పడ్డాయి.

"తియ్యవే. తియ్యి, నేనే. తియ్యి."

నా చెయ్యి గడియ మీదే ఉంది. తీయడానికి కాదు. ఊడిపోకుండా గట్టిగా అదిమి పట్టుకున్నాను. ఆమె ఇంకోసారి తియ్యి అంది. తర్వాత మాట రాలేదు. వేటు పడ్డప్పుడల్లా రేకు లోపలికి ఉబ్బి నా వేళ్లకు తగిలింది. మూడుసార్లు తగిలింది.

అప్పుడు మెకానిక్ కూతురి గొంతు దక్కనీలో ఏదో అరిచింది. మొద్దుగా ఒక చప్పుడు, వెంటనే మరొకటి. బరువుగా ఎవరో కూలిపోయారు. కాసేపటికి అవ్వ గొంతు వినిపించింది. "అయ్యో బిడ్డా, అయ్యో నా బిడ్డా" అని. అది విన్నాక గడియ తీశాను.

తలుపుకు ఆనుకొని కూర్చున్న నస్పూర్ పిల్ల వెల్లకిలా నా పాదాల మీద పడింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడి భుజం తెగి లోపల తెల్లగా కనిపిస్తోంది. కత్తిని అడ్డుకున్న ఆ చేతి అరచెయ్యి వేళ్ల మొదట్లో తెరుచుకుంది. ఆమె రక్తం వెచ్చగా నా కాలివేళ్ల మధ్యలోకి వచ్చింది. సినిమాల్లో రక్తానికి వాసన ఉండదు. ఇక్కడ గది నిండా అదే వాసన, మాడిన చాయ్‌తో కలిసి. బసంత్‌నగర్ పిల్ల తన చేతిని చున్నీతో బిగించి కట్టుకుంటూ పళ్లు కొరుకుతోంది. అతడు బోర్లా పడి ఉన్నాడు. తల వెనుక పగిలింది. వీపు ఎగిసిపడుతోంది. మెకానిక్ కూతురు చట్నీ నూరే రాతి రోకలిని రెండు చేతులా పట్టుకొని అతడి మీద నిలబడి ఉంది.

"సచ్చిండా?" అని అడిగింది, అవ్వ వెనుకే వచ్చిన కాకను.

"సావలేదు బిడ్డా. అది కింద వెట్టు."

ఆమె పెట్టలేదు. కాక ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి రోకలి తీసుకున్నాడు. బట్టలారేసే తాడుతో అతడి చేతులు కట్టేశాడు. కత్తిని ఎవరూ ముట్టుకోవద్దన్నాడు.

దవాఖాన వరండాలో పోలీసు మేడం మమ్మల్ని విడివిడిగా అడిగింది.

"నువ్వు ఎక్కడున్నవ్?"

"తానం చేస్తున్న మేడం. నేనేం సూడలే."

నా జుట్టు పొడిగా ఉంది. ఒంటి మీద బట్టలు పొద్దుటివే. ఆమె ఒకసారి నన్ను తేరిపార చూసి, చెప్పినట్టే రాసుకుంది.

నస్పూర్ పిల్లను కరీంనగర్ తీసుకెళ్లారు. నేను కాసిపేటకు, మా ఇంటికి వెళ్లిపోయాను. పది రోజుల తర్వాత ఆమె మేనమామ, అంటే వాడి తండ్రి, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చొని నీళ్లు తాగి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మావోడు మాట్లాడుదామని పోయిండు బిడ్డా. వట్టి చేతులతోని పోయిండు. కత్తి ఆ పిల్లలదే, వంటింటిది. ముందు వాళ్లే మీదవడి వేడి చాయ్ పోసిండ్రు, తల పలగ్గొట్టిండ్రు. ఆ గుంజులాటల తాకింది. నువ్వు తానం చేస్తున్నవు గదా. ఏం సూడలేదని రాయించినవట. గదే మాట కోర్టుల చెప్పు, సాలు. నిన్ను అబద్ధం ఆడుమంటలేను."

వాళ్లు వెళ్లాక, ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి అంతసేపూ గడపలో నిలబడి విన్న నాన్న, బూట్లు విప్పుతూ అడిగాడు.

"నిజంగ తానం చేస్తున్నవా?"

నేను చెప్పాను. కాగితం విప్పడం, కత్తి, గడియ, ఆమె గొంతు, ఉబ్బిన రేకు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"గనిల పైకప్పు కూలినప్పుడు ఉరుకుతం," అన్నాడు బూట్లు పక్కన పెట్టి. "ఉరుకుడు తప్పు గాదు. నేను గూడ ఉరికిన. గానీ ఉరికినోడు పైకొచ్చి, లోపల ఎవరెవరు ఉన్నరో చెప్పాలె. చెప్పకుంట ఇంటికి పోతే గదే తప్పు."

మర్నాడు నాన్న డ్యూటీ మానేసి నన్ను కరీంనగర్ తీసుకెళ్లాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చొని, లోపలికి నన్నొక్కదాన్నే పంపాడు.

నస్పూర్ పిల్ల మంచం మీద దిండుకు ఆనుకొని ఉంది. చెయ్యంతా కట్టు. వాళ్ల అమ్మ పక్కన కూర్చొని బత్తాయి ఒలుస్తోంది. నేను మాట మొదలుపెట్టాను. తానం చేయడం లేదని, కావాలనే గడియ పెట్టుకున్నానని అన్నాను. ఆమె నా మొహంలోకి చూస్తూ విన్నది.

"నాకు ఎర్కనే," అంది. "రేకు అవతల నీ ఊపిరి ఇనవడ్డది."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నాకు చెప్తే ఏమొస్తది? నాకు తెల్సిందే గదా. పోయి స్టేషన్‌ల చెప్పు. కత్తి ఆడే తెచ్చిండని చెప్పు."

వాళ్ల అమ్మ బత్తాయి పక్కన పెట్టి, తల వంచుకొనే అంది, "చెప్పు బిడ్డా. నేను గూడ చెప్త, చెయ్యి ఎట్ల ఇరిగిందో." కూతురు ఆమె వైపు తిరిగింది. ఆ ఇంట్లో అలాంటి మాట అదే మొదటిసారి అయి ఉంటుంది.

అదే రోజు గోదావరిఖని స్టేషన్‌కు వెళ్లి మళ్లీ వాంగ్మూలం ఇచ్చాను. మేడం కోప్పడింది. కానీ ఈసారి అన్నీ ప్రశ్నలు వేసి రాసుకుంది. కాగితం సంగతి చెప్పగానే కలం ఆపి తలెత్తింది. మా గదిలో మంచం కింద దొరికిన రక్తం మరకల న్యూస్‌పేపర్ ముక్క ఎక్కడిదో అప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారట. మిగతా ముగ్గురూ ఆ క్షణంలో అతడి మొహాన్నే చూశారు. చేతులను చూసింది నేనే.

కేసు కోర్టులో విచారణకు వచ్చేసరికి మా డిగ్రీలు అయిపోయాయి. బోనులో అతడు తల మీద మచ్చతో, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. వాళ్ల వకీలు నన్ను చాలాసేపు నిలదీశాడు.

"మీ స్నేహితురాలు తలుపు కొట్టిందా?"

"కొట్టింది."

"మీరు తీశారా?"

"తియ్యలేదు."

"మొదట పోలీసులకు అబద్ధం చెప్పారు. అవునా?"

"అవును."

"ప్రాణస్నేహితురాలిని చావుకు వదిలేసి, పోలీసులకు అబద్ధం చెప్పిన మనిషి మాట ఈ కోర్టు ఎందుకు నమ్మాలి?"

ప్రభుత్వ వకీలు అడ్డుపడ్డాడు. అయినా నేను జవాబు చెప్పాను. "నా గురించి మంచిగ ఉండేది ఏం చెప్తలేను సార్. అతను నడుముల నుంచి కత్తి తీసి కాగితం ఇప్పిండు. అది నేను చూసిన." జడ్జి రాయించుకున్నాడు.

అతడికి శిక్ష పడింది. మెకానిక్ కూతురు ఆత్మరక్షణకే కొట్టిందని కోర్టు అంది. అతడి తండ్రి ఆమె మీద పెట్టిన కేసు నిలవలేదు. నస్పూర్ పిల్ల కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. పరీక్షలన్నీ అలాగే రాసి ఇప్పుడు మంచిర్యాలలో ఉద్యోగం చేస్తోంది. అమ్మను తన దగ్గరే పెట్టుకుంది. నెలకోసారి ఫోన్ చేస్తుంది. ఆఫీసు గొడవలు చెబుతుంది, నా సంసారం గురించి అడుగుతుంది. తలుపు సంగతి ఇద్దరమూ ఎత్తం. నేను ఇప్పుడు థ్రిల్లర్లు చూడను. ఆమె చూస్తుందట. మెకానిక్ కూతురు, తను కలిసి ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకేసారి మొదలుపెడతారట.

నేను సాక్ష్యం చెప్పిన రోజు కోర్టు వరండాలో బసంత్‌నగర్ పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఆ ఆదివారం తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ముంజేతి మీద మచ్చ మోచేయి దాకా ఉంది. అంత పెద్ద గొంతున్న మనిషి, చాలా మెల్లగా అడిగింది.

"ఎంతసేపు పట్టుకున్నవే ఆ గడియ?"

"నాకు తెల్వది."

"నాకు తెల్సు. అది నీ తలుపు కొట్టినప్పటి సంది అవ్వ వచ్చేదాక. నేను సూస్తనే ఉన్న."

ఆ మాట అని మెట్లు దిగి, బస్టాండు వైపు వెళ్లిపోయింది. నేను పిలవలేదు. ఆమె నంబరు ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు.